రాగ్ సోడా

విరూర్

మామయ్యకు కోడలు సాయి ప్రియ కాళ్లకు మొక్కి రాస్తున్నది.

పాప, నేను బాగున్నాం. మీ ఫోన్ ఎత్తడం లేదని బాధపడకండి. పోయినసారి మీరు అన్న ఒక్క "హలో"కే పాప ఉలిక్కిపడి ఏడ్చిన ఏడుపు పొద్దుగూకేదాకా ఆగలేదు. మా అమ్మయితే "గా ఇంటికి పిల్లనెట్ల తోలాలె? గుండె జారిపోతది" అంటున్నది. అందుకే ఈ ఉత్తరం. కాగితం మీద ఎంత గట్టిగా రాసినా పాప లేవదు. మీ అబ్బాయితో చెప్పిద్దామంటే, ప్లాంటులో షట్‌డౌన్ పనులని ఆయన ఇంటికి నిద్రకే వస్తున్నారాయె.

పాపను మనింటికి తెచ్చుకోవాలని నాకూ ఉంది. దానికొక ఉపాయం దొరికింది. నేను ఫోన్‌లో ఒక క్లాసు వింటున్నా. మనసుపెట్టి ఎట్లా బతకాలో, రోజుకింత ఎట్లా మెరుగవ్వాలో ప్రతిభా తాయి అని ఒకక్క చెప్తుంది. ఆమె మొదటి పాఠం ఆమె మాటల్లోనే రాస్తున్నా: రోజూ పొద్దున్నే రాగ్ సోడా. మీరు దీన్ని పట్టుదలగా చేస్తే అమ్మను ఒప్పించే పూచీ నాది.

మీ దీవెనలు కోరే
సాయి ప్రియ

తా.క.: నేనూ చేస్తున్నా. ఒళ్లు ఎంత తేలికవుతుందో!

* * *

చంద్రపూర్

చి.సౌ. సాయి ప్రియకు మామ లక్ష్మణరావు దీవించి రాయునది.

ఉత్తరం అందింది. బెల్లంపల్లి వైపు గనుల్లో పని చేసి రిటైరైనవాణ్ని, ఒకటి పట్టుకున్నానంటే విడిచేది లేదని మీ అమ్మకు చెప్పు. మర్నాడే తెల్లారేసరికి బాల్కనీలో కూర్చుని మొదలుపెట్టాను. మొదట్లో ముక్కుకెక్కి కళ్ల వెంట నీళ్లు కారాయి. తర్వాత మరీ పైకి పోయి పట్టు తప్పింది. ఎదురింటి విఠల్ గారు పరుగెత్తుకొచ్చి, వచ్చిన కాస్త తెలుగులో "ధీరే ధీరే లక్ష్మణ్‌రావ్, కిందికి దించుకో" అన్నాడు. ఇప్పుడు రోజూ నా పక్కనే కూర్చుంటున్నాడు. బంగారంలాంటి మనిషి.

ఇందులో ఇంత సుఖముందని ఇన్నాళ్లూ నాకెవ్వరూ చెప్పలేదేమమ్మా? కడుపులో బరువంతా ఇట్టే దిగిపోతోంది. ఈ ఊరొచ్చి కొన్ని నెలలే అయినా, ఇప్పుడే కాలు నిలదొక్కుకున్నట్టుంది.

ఇట్లు
పట్టు విడవని మామ

తా.క.: నువ్వు బాలింతవు. నీకిది పడదు, పాపకు జలుబు చేస్తుంది. నీ వంతు కూడా నేనే కానిస్తా.

* * *

విరూర్

పూజ్యులు మామయ్యకు సాయి ప్రియ నమస్కారాలు.

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తే ఆమె కళ్లు తుడుచుకుంది. మీకది ముక్కు మీదే ఉంటుందని చుట్టాలందరికీ తెలుసు. దాన్ని కన్నీళ్లుగా కరిగించుకున్నారంటే మాటలా! పైకి పోయినదాన్ని మెల్లగా దించుకోవడం ఇంకా గొప్ప. ఏళ్ల తరబడి క్లాసు వింటున్నవాళ్లకే అది చేతకావడం లేదట. ప్రతిభా తాయికి చెప్తే అందరిచేతా మీకు చప్పట్లు కొట్టించింది. నాకు మా మామ అని చెప్పుకోవడానికి ఎంత గర్వంగా ఉందో తెలుసా?

మిమ్మల్ని చూసి నేర్చుకుంటున్న
సాయి ప్రియ

తా.క.: బాలింతకే ఇది ముందు కావాలంటుంది తాయి. నా వంతు నాకే వదిలేయండి. జలుబు సంగతే నాకు అర్థం కాలేదు.

* * *

చంద్రపూర్

చి.సౌ. సాయి ప్రియకు మామ ఆశీస్సులు.

చప్పట్ల సంగతి విని హుషారు ఆగలేదు. ఇప్పుడు ఒకటితో సరిపోవడం లేదు. నిన్న పొద్దున రెండు కొట్టాను. విఠల్ గారు ఊరికే చూస్తూ కూర్చుంటే బాగుండదని ఆయనకూ ఒకటి కొట్టాను. మంచి చప్పుడొచ్చింది. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, తర్వాత "వాహ్" అన్నాడు. అది చూసి ఆయన భార్య కోమల కూడా తనకొకటి కావాలంది. ఆడమనిషి కదా అని మెల్లగా కొట్టాను.

ఇప్పుడు కాలనీవాళ్లంతా పొద్దున్నే మన గేటు ముందు వరుస కడుతున్నారు. ఎవరినీ ఉత్తగా పంపడం లేదు. నీ పుణ్యమా అని ఈ ఊళ్లో నాకు పేరొచ్చింది.

ఇట్లు
కాలనీ మెచ్చిన మామ

తా.క.: పాప కాస్త పెద్దదయ్యాక దానికి మొదటిది నా చేత్తోనే కొడతా. ఎవ్వరూ అడ్డు రావద్దు.

* * *

విరూర్

మామయ్యకు సాయి ప్రియ భయంతో, తర్వాత నవ్వుతో రాస్తున్నది.

మీ ఉత్తరం చదివాక అమ్మ పాపను ఒళ్లోంచి దించితే ఒట్టు. మీకు చెప్పకుండా మా తమ్ముడు తిరుపతిని పొద్దుటి బండికి పంపించా. వాడు తిరిగొచ్చి, "అక్కా, మామ ఎవ్వలను కొడ్తలేడే! గోలీసోడా కొడ్తుండు. హార్మోనియం ముంగట కూసోని పాటలు పాడుతుండు" అన్నాడు.

మామయ్యా, అది మరాఠీ మాట. మరాఠీలో రాగ్ అంటే కోపం. సోడా అంటే విడిచిపెట్టండి అని. మీరేమో రాగమూ, సోడా అనుకున్నారు. కోపం విడిచిపెట్టమని మామకు తెలుగులో రాసే ధైర్యం లేక మరాఠీ చాటున దాక్కున్నా. కోడలు రాసిన రెండు మాటలు పట్టుకుని ఈ వయసులో సంగీతం మొదలుపెట్టిన మామ ఇంకెవరికైనా ఉన్నాడా? నవ్వీ నవ్వీ ఏడ్చేశాను.

కానీ తిరుపతి ఇంకో మాట కూడా అన్నాడు. "మనిషి మస్తు ఖుషీగున్నడు. గొంతే గట్లనే ఉన్నది. నన్ను రమ్మని పిలిస్తే రోడ్డు మీద ఆటో ఆగింది." అమ్మ మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు నేనేం చేయను మామయ్యా?

ఏమీ తోచని
సాయి ప్రియ

తా.క.: తిరుపతి రెండు తాగాడట. చాలా బాగున్నాయట.

* * *

చంద్రపూర్

చి.సౌ. సాయి ప్రియకు మామ దీవెనలు.

నాకు కోపమా? ఉత్తరం పట్టుకుని విఠల్ గారింటికి పోయి అదే అడిగాను. ఆయన చెవులు మూసుకుని, "నీకు కోపం లేదు లక్ష్మణ్‌రావ్, వినబడుతలేదు. నేను హార్మోనియం వాయిస్తుంటే, ఎప్పుడు మొదలుపెడ్తవని అడుగుతవ్" అన్నాడు. చెయ్యి పట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. గనిలో యంత్రాల మధ్య బతికిన చెవులు కదా, ఎప్పుడో సగం పోయాయట. మీరంతా గొణుగుతున్నారని ఇన్నాళ్లూ నేననుకున్నా. నేను అరుస్తున్నానని మీరనుకున్నారు.

డాక్టరు చెవికి మిషను పెట్టాడు. ఇంటికొచ్చి అలవాటుగా "నవనీత్!" అని మీ ఆయన్ను పిలిచాను. నా గొంతుకు నేనే ఉలిక్కిపడి కుర్చీలో కూలబడ్డానమ్మా. పాప ఏడ్చిందంటే ఏడవదా మరి! నన్నెట్లా భరించారు మీరంతా? ఈసారి మెల్లగా పిలిచాను. వాడు కంగారుగా వచ్చి, "బాపూ, పాణం మంచిగ లేదా?" అని నుదురు పట్టి చూశాడు.

నాకు ఆ మాట చెప్పాలనుకున్నావు చూడు, అది మీ అత్త కూడా బతికున్నన్నాళ్లూ చేయలేకపోయింది. నీ ధైర్యం చిన్నది కాదు. పాపను తీసుకురా. అది ఏడుస్తుంటే తెరిచిన నోరు చూశానే గాని, గొంతు ఎట్లుంటుందో నేనింతవరకు సరిగ్గా వినలేదు.

ఇట్లు
మెల్లగా రాస్తున్న మామ

తా.క.: ఇకమీద నన్ను ఏమైనా అనాలనిపిస్తే తెలుగులోనే అను. ఇప్పుడు వినబడుతుంది.