రెండింతల వేగంతో మావయ్య

ఓల్డ్ సెటిల్‌మెంట్,
ఖరగ్‌పూర్

చిరంజీవి డయానాకి, కోపం చల్లారని క్రిస్టోఫర్ మావయ్య దీవించి రాయునది.

నీతో మాటాడను గనక రాస్తున్నాను. ఈ ఉత్తరం మీ అత్తయ్య దోర్కా, పూరీ గేట్‌లో మీ ఇంటి దాకా తెచ్చి ఇస్తాది. ఆరాధనకు ముందు కీర్తన వినిపించే పెట్టె సేస్తానన్నావు. నీ మాట నమ్మి గొంతు సించుకుని పాడి ఇచ్చినాను. ఆదివారం మీట నొక్కితే ఏటైంది? నా గొంతు పిచ్చికల గోలైపోయింది! పాస్టరుగారు బైబిలు తెరిచేలోగా చరణాలన్నీ అయిపోయినాయి. క్వయర్ కుర్రోడు టోని లేచి, "సెక్రటరీ దాదా, ఏ రైలు పట్టుకోవాల?" అన్నాడు.

నేను కీర్తన సాగదీస్తానని క్వయర్‌లో నాతో దెబ్బలాడినావు కదా, ఆ కసి ఇలాగ తీర్సుకున్నావు. ఈస్టర్‌కి నువ్వు ఒక్కదానివే పాడాల్సిన చరణం నీ పక్కన పాడే ఎమిలీకి ఇచ్చీసినాను.

ఇట్లు,
క్రిస్టోఫర్, సంఘ కార్యదర్శి

తా.క. చేపల పులుసు పంపినాను. అది కార్యదర్శి పంపలేదు, మావయ్య పంపినాడు.

*

పూరీ గేట్

గౌరవనీయులైన కార్యదర్శిగారికి, చెయ్యని నేరానికి శిక్ష పడిన డయానా వందనాలు.

ఆ చరణం కోసం క్రిస్మస్ నుంచి సాధన చేస్తున్నాను. దాన్ని లాక్కోవడానికి మీకు చేతులెలా వచ్చాయి?

పెట్టెలోని ప్రాసెసర్‌కు కళ్లుండవు. దాని చుట్టూ ఏమేం ఉన్నాయో మనం డివైస్ ట్రీ అనే ఫైలులో రాసిపెడతాం. అది ఆ రాతనే నమ్ముతుంది. పాటకు తాళం వేసే క్రిస్టల్ ఒకటుంటుంది. అదెంత వేగంగా కొట్టుకుంటుందో కూడా అందులోనే రాయాలి. నేను బిగించింది పన్నెండు మెగాహెర్ట్జ్‌ది, రాసింది పన్నెండు. వర్ణన అంటే కవుల పని అనుకునేదాన్ని. ఇక్కడ వర్ణన అంటే సాక్ష్యం. నేను దొంగ సాక్ష్యం చెప్పలేదు. లోపం మీ స్పీకర్లది!

తలవంచని,
డయానా

తా.క. పులుసు చాలా బాగుంది. ఈ మాట కార్యదర్శిగారికి తెలియనివ్వద్దు.

*

ఓల్డ్ సెటిల్‌మెంట్

డయానాకి, ఇంకా మండిపోతున్న కార్యదర్శి రాయునది.

స్పీకర్ల మీద నిందా! అదే స్పీకర్లలో పాస్టరుగారి ప్రసంగం గంటన్నర వచ్చింది. అది గబగబా అయిపోతే మేం అడ్డు సెప్తామా? సంఘం ముందు నిలబడి క్షమాపణ సెప్పు. లేదంటే క్వయర్‌లోంచే నీ పేరు కొట్టేస్తాను.

ఇట్లు,
క్రిస్టోఫర్

తా.క. నీ పెట్టెకి నేనెంత సేసినానో నీకేటి తెలుసు? నువ్వు పెట్టె ఇచ్చినాక, నువ్వేసిన పన్నెండు నంబరు క్రిస్టల్ తీయించి, జెఫ్రీ రేడియో దుకాణంలో ఇరవైనాలుగు నంబరుది ఏయించినాను. నా మేనకోడలి పెట్టెలో తక్కువ సరుకుంటాదా? రైల్వే వర్క్‌షాపులో బతుకంతా పనిసేసినాను. ఎక్కువ కెపాసిటీది ఏసినోణ్ని ఎవడూ తిట్టలేదు.

*

పూరీ గేట్

మావయ్యా! వందనాలు తర్వాత.

మీరు మార్చారా! తాడు ఎంత లావైనా మంచిదే. క్రిస్టల్ మాత్రం రాసినంతే ఉండాలి. పన్నెండని నమ్మిన పెట్టెలో ఇరవైనాలుగు కొట్టుకుంటే, అది మిమ్మల్ని రెండింతల వేగంతో పరిగెత్తించింది. అమాయకురాలు! నేను కాదు, పెట్టె.

జెఫ్రీ అతికించిన దాన్ని ఊడబీకితే బోర్డే పోతుంది. అందుకని ఫైలులో ఇరవైనాలుగు అని మార్చి, ఆ ఫైలున్న మెమరీ కార్డు అత్తయ్యకు ఇచ్చాను. ఆదివారం పెట్టి చూడండి. మీరు పాడింది పాడినట్టే వినిపిస్తుంది. నా చరణం నాకివ్వండి.

న్యాయం కోసం,
డయానా

తా.క. "పాడినట్టే" అన్న మాటను ఇంకోసారి చదువుకోండి.

*

ఓల్డ్ సెటిల్‌మెంట్

డయానాకి, మునుపటికంటే ఎక్కువ కోపంతో మావయ్య రాయునది.

పాడినట్టే వినిపించింది. రెండో చరణానికి పాస్టరుగారు కునికినారు. మూడో చరణంలో సండే స్కూలు పిల్లలు ఇంటికెళ్లి, టిఫిన్ తిని వచ్చినారు. "ఇది నా గొంతు కాదు, పెట్టె పాడు సేసింది" అన్నాను. మీ అత్తయ్య అందరి ముందూ లేచి, "ఆయనే, ఆ సాగుడే! పెళ్లైనకాడ్నించి వింటన్నాను" అనీసింది.

గబగబా పాడినప్పుడు తప్పు నీదన్నాను. ఇప్పుడు ఎవలిదనాల? నిజం రాసి నా పరువు తీసినావు!

సంఘం తీర్మానం సేసింది. పెట్టె ఆపాల. ఈస్టర్‌కి కీర్తన మొత్తం నువ్వే ఎత్తుకోవాల. నేను నీ ఎనక వరసలో నిలబడి నీ తాళానికి పాడాల. కార్యదర్శిని గనక సంతకం నేనే పెట్టినాను, కలం ఇరిగేలాగ. ఎమిలీ అయితే "బతికిపోయినాను" అంది.

శనివారం ప్రాక్టీసుకి రా. నీతో మాటలు లేవు. పాటే.

ఇట్లు,
ఎనక వరస క్రిస్టోఫర్

తా.క. పాడినప్పుడు నా వైపు తిరక్కు. నవ్వొచ్చిందంటే కోపం పాడైపోద్ది.