మార్చి అయిదు, మే మూడు

హుజూరాబాద్, 6 మార్చి

చిరంజీవి సాయిచంద్‌కు,

బాలలక్ష్మి చిన్నమ్మ ఆశీస్సులు. నిన్ను కన్న మీ అవ్వ నాకు చిన్నప్పటి స్నేహితురాలన్న చనువుతో రాస్తున్నాను. ఫోన్‌లోనే చెప్పేదాన్ని గానీ సిగ్గు అడ్డొచ్చింది.

మా అన్నదాన సత్రానికి నువ్వు ఉచితంగా చేసి ఇచ్చిన కంప్యూటర్ తేదీ తారుమారు చేసింది, నిన్న బయటపడింది. కొమురవ్వ తన భర్త సంవత్సరీకానికి మార్చి అయిదు అడిగింది. నలభై మంది చుట్టాలతో వచ్చింది. తీరా చూస్తే కంప్యూటర్ కాగితంలో ఆమె పేరు మే మూడున ఉంది. నిన్న వంటంతా మా అధ్యక్షులు రాంచందర్ గారి నాన్నగారి పేరు మీద జరిగింది. చివరికి కొమురవ్వ వాళ్లకు వరండాలో ఉప్మా పెట్టాం.

"ఇంకోసారి గిట్లయితే రిజిస్టర్ కాడ వేరేటోళ్లను కూసోవెడత" అన్నారు రాంచందర్ గారు, అందరి ముందూ. పద్నాలుగేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుని దేవుడి పని చేస్తున్నాను నాయనా. అది పోతే నాకు ఇంకేం లేదు.

ఇట్లు,
బాలలక్ష్మి

తా.క. కొమురవ్వ మమ్మల్ని ఒక్క తిట్టూ తిట్టలేదు. "మా ఆయన ఉప్మా జూస్తే ఆమడ దూరం ఉరికెటోడు. ఇయ్యాల ఎటూ ఉరకలేకపాయె" అని మాత్రం అన్నది.

*

కాగజ్‌నగర్, 10 మార్చి

చిన్నమ్మకు నమస్కారాలు.

ఉత్తరం చదివి తల దించుకున్నాను. తప్పు మీది కాదు, నాది. మీరు కొట్టే తేదీని కంప్యూటర్ లోపలి రిజిస్టర్‌కు మోసుకెళ్లే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. అమెరికావాళ్లు నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. మన డ్రైవర్‌కు ఆ అలవాటు పట్టినట్టుంది. మీరు 05/03 కొడితే అయిదో నెల మూడో తేదీ అని చదివింది. రెండు అంకెలనూ తిరగేసి చదివేటట్టు ఇక్కడి నుంచే మరమ్మతు చేశాను. ఇక ఫికర్ వద్దు.

ఒక్కటే వింత. మీరు కొట్టిన అంకెలను కంప్యూటర్ విడిగా కూడా దాచుకుంటుంది. అందులో కొమురవ్వ గారి తేదీ 03/05 అనే ఉంది. మీరు అలా కొట్టరు కదా. కాబట్టి ఆ డ్రైవర్ అబద్ధం కూడా ఆడుతోంది.

మీ
సాయిచంద్

తా.క. అవ్వ మీ ఉత్తరం చదివి, "బాలలక్ష్మి చేతిల తప్పు జరుగుడు నేను పుట్టినకాంచి జూడలే" అన్నది.

*

హుజూరాబాద్, 17 మార్చి

చిరంజీవి సాయిచంద్‌కు,

చిన్నమ్మ దీవెనలు. నీ మరమ్మతు తరువాత ఇంకో సంగతి జరిగింది. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఐలవ్వ ఏప్రిల్ ఎనిమిది అడిగింది. 08/04 అని దేవుడి మీద ప్రమాణంగా కొట్టాను. ఆగస్టు నాలుగు అని చీటీ వచ్చింది. ఐలవ్వ చదువుకున్నది, ఊరుకుంటుందా? "ఏందమ్మా, మా ఆయన సచ్చిపోయిన నెలను గూడ మీరే మారుస్తరా?" అని వరుసలో నిలబడ్డవాళ్లందరినీ పిలిచి చూపించింది. తరువాతి ఆయన ఏప్రిల్ పద్దెనిమిది అడిగితే, పద్దెనిమిదో నెల లేదని కంప్యూటర్ ఎర్ర అక్షరాలతో తిట్టింది. దానికి దండం పెట్టి మళ్లీ కొట్టాను. మళ్లీ తిట్టింది.

నువ్వేమీ పరేషాన్ కాకు. ఆ మరమ్మతు తీసేస్తే చాలునేమో. మొదట ఎలా ఉందో అలాగే ఉంచు. డ్రైవర్‌ను ఏమీ అనకు.

ఇట్లు,
బాలలక్ష్మి

తా.క. ఆఫీసుకు కొత్తగా వచ్చిన వనజ కంప్యూటర్‌కు నిమ్మకాయ కట్టింది. నేను వద్దన్నాననుకుంటాను, గట్టిగా అనలేదు.

*

కాగజ్‌నగర్, 24 మార్చి

చిన్నమ్మకు నమస్కారాలు.

మరమ్మతు తీస్తే పాత తప్పు, ఉంచితే కొత్త తప్పు. నాకు అన్నం సయించడం లేదు. ఆ డ్రైవర్ తయారుచేసిన విదేశీయులకు నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. వాళ్లు తొంభైసార్లు 05/03 కొట్టి చూశారట. తొంభైసార్లూ మార్చి అయిదే వచ్చిందట. "మీ సత్రంలో ఇంకేమైనా ప్రత్యేకత ఉందా?" అని అడిగారు. మా ఆఫీసులో ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలవడం లేదు, 'మే మూడు' అని పిలుస్తున్నారు.

నాకు చేతకాలేదని ఒప్పుకుంటున్నాను. ఆదివారం వచ్చి, తప్పంతా నాదేనని రాంచందర్ గారి ముందు చెప్పి, కంప్యూటర్‌ను తీసుకుపోతాను. మీ కుర్చీ మీకు ఉంటుంది. అది చాలు.

మీ
సాయిచంద్

తా.క. ఈ పని ఇక నాకు సరిపడదేమోనని కిరాణా దుకాణానికి అద్దెకు మడిగె చూస్తున్నాను.

*

హుజూరాబాద్, 28 మార్చి

నాయనా సాయిచంద్,

ఆశీస్సులు ఇచ్చే మొహం లేదు, అయినా ఇస్తున్నాను. మడిగె చూడకు. 03/05 అని కొట్టింది నేనే.

నాకు ఎదుటి మనిషికి కాదని చెప్పడం రాదు. కొమురవ్వ జనవరిలోనే వచ్చి మార్చి అయిదు అడిగితే సరేనన్నాను. రాసేలోపల రాంచందర్ గారు ఫోన్ చేసి అదే తేదీ అడిగారు. ఆయనకూ సరేనని, ఆయన పేరే ముందు ఎక్కించాను. కాగితం రిజిస్టర్ ఉన్నప్పుడు ఇలాంటివి ఎన్నో చేశాను. రెండో పేరు అంచున చిన్నగా రాసి, పది కిలోల బియ్యం ఎక్కువ పోయించి, మైకులో రెండు పేర్లూ చదివించేదాన్ని. ఎవరికీ లోటు రాలేదు. నీ కంప్యూటర్‌కు అంచు లేదు. 'ఈ రోజు నిండింది' అన్నది. కొమురవ్వ చీటీ కోసం ఎదురుగా కూర్చుని ఉంది. అవే అంకెలు తిరగేసి కొట్టాను, చీటీ వచ్చింది. చదువు రాని మనిషి, కళ్లకు అద్దుకుని వెళ్లింది.

మార్చి అయిదు ఉదయం రాంచందర్ గారికి చెబుదామని మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ నమస్కారం పెట్టి వచ్చాను.

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని నిన్న ఆయన దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన బియ్యం బస్తా మీద కూలబడ్డారు.

"అంటె మా బాపు పేరు మీద నేను పెట్టింది కొమురవ్వ పూటనా? జర ముందు జెప్తె నేను ఆగకపోదునా అమ్మా?"

"మీకెట్ల జెప్తనయ్యా" అన్నాను.

అప్పటికప్పుడు కొమురవ్వకు ఫోన్ చేసి, చీటీలో ఉన్నట్టే మే మూడున పెడతామని, తానే వడ్డిస్తానని చెప్పారు. ఆమె, "పెట్టుండ్రి సారూ. మా ఆయన కేలండర్ ఎన్నడు జూసిండు?" అన్నదట. అలా నేను దొంగతనంగా కొట్టిన తేదీ నిజమైపోయింది. నాకు ఇంకా సిగ్గు పెరిగింది.

కుర్చీ పోయింది. రిజిస్టర్ దగ్గర ఇప్పుడు వనజ కూర్చుంటోంది. ఆ పిల్ల కాదనడం వింటుంటే సుప్రభాతంలా ఉంది. నన్ను వడ్డనకు పెట్టారు. ఆ విదేశీయులకు నా క్షమాపణ రాసి పంపు. వాళ్ల డ్రైవర్ నిజాయితీపరుడు.

ఇట్లు,
బాలలక్ష్మి

తా.క. ఇవాళ మొదటి వడ్డన. మారు అడిగిన వాళ్లెవరికీ కాదనలేదు. మూడో పంక్తికి అన్నం అయిపోయింది. వరండాలో మళ్లీ ఉప్మా చేస్తున్నారు.