ఆధారం: తలుపు

సోమవారం, ఉ. 10.00
ఇంగ్లిష్-తెలుగు నిఘంటువులో ఈరోజు నా వంతుకొచ్చిన మాట ‘సర్మైజ్’. ఆధారం చాలకపోయినా ఊహించుకోవడం. పాత ఫ్రెంచి నుంచి దిగిన కొత్తలో దీనర్థం నేరం మోపడమట! ఫోన్లో మా ఆవిడకు చెబితే, “మీకింకా పాత అర్థమే నడుస్తోంది” అంది.

పౌరుషం వచ్చింది. శపథం! వారం పాటు ఎవరి మీదా ఊహలు లేవు. ఆఫీసులో మాటకో చీటీ రాసే పద్ధతే నాదీ: అనుమానానికో చీటీ, కింద ఆధారం. ఆధారం లేకపోతే చెత్తబుట్ట.

సా. 5.00
ఒక్క చీటీ పడలేదు. ఇంత తేలికా!

మంగళవారం, 11.10
ప్రూఫ్ రీడరు ఎడిటర్ గారి గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు. పన్నెండేళ్లుగా నాతో టీ తాగే మనిషి. నాకేం?

11.40
ఇంకా రాలేదు. నేను ఊహించడం లేదు, గడియారం చూస్తున్నానంతే.

12.05
వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు... రాయను.

బుధవారం
చీటీలు మూడు.
నా కుర్చీకి ఎసరు పెడుతున్నాడు. ఆధారం: తలుపు.
ఎడిటర్ గారు ముఖం తిప్పుకున్నారు. ఆధారం: పంటినొప్పి. (రద్దు.)
మా ఆవిడా వాడి పక్షమే. ఆధారం: “ఆయన అలాంటివాడు కాదు” అంది.

గురువారం
ఇది ఊహ కాదు, ముందుచూపు. టీకి పిలిచాడు. పనుందన్నాను.

శుక్రవారం, మ. 3.00
కొంప మునిగింది. నా చీటీలు ‘సర్మైజ్’ కట్టలో కలిసిపోయి కంపోజింగుకెళ్లాయి. ప్రూఫు వాడి బల్ల మీదికే వచ్చింది. ఉదాహరణ వాక్యం: ‘నా కుర్చీకి ఎసరు పెడుతున్నాడు. ఆధారం: తలుపు.’ వాడు కొట్టేయలేదు. పక్కన ఎర్రసిరాతో రాశాడు: ‘ఆధారం చాలదు.’

ఎడిటర్ గారు పిలిచి చెప్పారు. మంగళవారం వాడు గంటసేపు వాదించింది, పుస్తకం మొదటి పేజీలో ఆయన పేరు కింద నా పేరూ వేయాలని. ఒప్పించాడు కూడా.

సిగ్గుతో చచ్చిపోయాను. వాడి దగ్గరికెళ్లి తప్పయిందన్నాను. తలెత్తలేదు.

“పన్నెండేళ్లుగా నీ తప్పులన్నీ దిద్దుతున్నాను. ఇది మాత్రం నా వల్ల కాదురా.”

టీ ఒక్కడినే తాగాను. ఏడుపొచ్చింది.

శనివారం, 10.20
మళ్లీ శపథం. ఈసారి చీటీలు కూడా లేవు.

10.25
వాడు రెండు కప్పులతో వస్తున్నాడు. రెండోది ఎవరికో? ఊహించను.

10.26
నా బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. ప్రాణం లేచొచ్చింది.

10.27
చక్కెర లేదు. కావాలనే వేయలేదు.

10.28
శపథం సోమవారం నుంచి.