ఓడ ఆగిన కొండకి ఫ్రెంచి దొరసాని

ఫరంపేట, యానాం

ట్రావెల్స్ హరీష్ గారికి,

యానాం నుంచి ఆగ్నెస్ నమస్కారాలు. మీరూ మీ ఆఫీసూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

చర్చి దగ్గర మా జాస్మిన్ మీ ఆర్మేనియా టూరు కరపత్రం ఇచ్చింది. ఆ దేశం పేరు నేనెప్పుడూ వినలేదు గానీ అందులో కొండ ఫోటో చూసి నిలబడిపోయాను. బైబిల్లో జలప్రళయం తీశాక నోవా ఓడ ఆగిందంటారే, ఆ అరారాతు కొండ! గోదారికి వరద వచ్చిన ప్రతిసారీ బియ్యం మూట అటకెక్కించి, పొయ్యి బల్ల మీద పెట్టి వండినదాన్ని. లోకమంతా మునిగినప్పుడు ఓడ ఎక్కడ ఆగిందో ఒక్కసారి కళ్ళారా చూడాలని నా కోరిక. ఇక్కడ మాకు ఇసుక మేటలే గానీ కొండలు లేవు.

నాది ఫ్రెంచి పాస్‌పోర్టు. వీసా కావాలా? నేనొక్కదాన్నే వస్తాను. మా ఆయన లూయిస్‌కి గోదారి దాటించే పంటు ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి. దయచేసి ఫోను చెయ్యకండి. ఆయన ఏ ఫోనొచ్చినా స్పీకర్లో పెడతాడు, వీధంతా వింటుంది. ఆయనకింకా ఈ సంగతి చెప్పలేదు.

ఇట్లు,
ఆగ్నెస్

తా.క.: విమానంలో ఎండు చేపలు పట్టుకెళ్ళనిస్తారా?

హైదరాబాదు

మేడమ్ ఆగ్నెస్ గారికి, బోంజూర్!

మీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. ఎంత చక్కటి తెలుగు మేడమ్! ఎక్కడ నేర్చుకున్నారు? ఇక్కడ పుట్టిన మాకే ఒత్తులు సరిగ్గా పడవు.

మీ పాస్‌పోర్టుకి వీసా అక్కర్లేదు. కొండ టర్కీలో ఉంది గానీ ఆర్మేనియా వైపు నుంచి చాలా బాగా కనిపిస్తుంది. దానికి ఎదురుగా పాత మఠం ఒకటుంది, అక్కడికే తీసుకెళ్తాం. ఇబ్బంది ఒక్కటే. పదిమంది ఉంటేనే టూరు. మీతో కలిపి నలుగురే అయ్యారు. నెలాఖరుకి నిండకపోతే రద్దు చేస్తారు.

భవదీయుడు,
హరీష్

తా.క.: ఎండు చేపల మీద మీకున్న అభిమానం మమ్మల్నందరినీ కదిలించింది.

ఫరంపేట, యానాం

హరీష్ గారికి ఆగ్నెస్ రాయునది.

తెలుగు ఎక్కడ నేర్చుకున్నానని అడిగారు. మా అమ్మ దగ్గర. ఆవిడ వాళ్ళమ్మ దగ్గర. మా ఇంట్లో అందరిదీ తెలుగే, పిల్లితో సహా. మీ హైదరాబాదులో ఎక్కడ నేర్చుకుంటారో నాకు తెలీదు.

రద్దు అనే మాట నా దగ్గర అనకండి. నాకు అరవై దాటాయి. వచ్చే ఏడు మీ టూరు ఉంటుందేమో గానీ నా మోకాళ్ళు ఉండాలిగా! ఎలాగైనా ఆరుగురిని పట్టండి. పాస్‌పోర్టు జిరాక్సు తర్వాత పంపుతాను. జిరాక్సు షాపు అప్పారావుతో మాకు మాటల్లేవు.

ఇట్లు,
ఆగ్నెస్

తా.క.: రోజూ పొద్దున్నే బ్రెడ్డు పెడతామని కరపత్రంలో రాశారు. ఎవరికి జ్వరం?

హైదరాబాదు

గౌరవనీయులైన మేడమ్ గారికి,

శుభవార్త! సీట్లు నిండాయి! అంతా మీ చలవే. తెలుగు మీద ప్రేమతో మూడు తరాలుగా ఇక్కడే ఉండిపోయిన ఫ్రెంచి దొరసాని మనతో వస్తున్నారని వాట్సాప్‌లో పెట్టాను. మర్నాటికల్లా ఆరుగురు చేరారు. మీ పక్కన కూచుని వైను తాగుతూ చరిత్ర వింటారట! మీకోసం ఫ్రెంచి వచ్చిన గైడు అమ్మాయిని కూడా కుదిర్చాను. మొదటి రోజు విందులో మీకు ప్రత్యేకంగా నత్తలు చెప్పాను. సొంత దేశం రుచి కదా.

భవదీయుడు,
హరీష్

తా.క.: ఎయిర్‌పోర్టులో మిమ్మల్ని గుర్తుపట్టడం తేలికే. అయినా ఒక ఫోటో పంపండి, పోస్టరు మీద వేస్తాం.

ఫరంపేట, యానాం

బాబూ హరీషూ,

ఫోటో పంపుతున్నాను. నల్లగా, పొట్టిగా, నేత చీరలో ఉన్నది నేను. పక్కనున్నది మా మేక.

ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళాక ఏ దేశం కాగితాలు కావాలో కోరుకోమన్నారట. వాళ్ళ సర్కారులో పనిచేసిన మా నాన్న ఫ్రెంచి కాగితం మీద సంతకం పెట్టాడు. దానివల్ల నాకు పాస్‌పోర్టొచ్చింది, తెల్ల తోలు రాలేదు. ఇది యానాంలో ఎవరినడిగినా చెప్తారు. నువ్వు నన్నే అడిగి ఉండాల్సింది!

ఆ ఆరుగురికీ నిజం చెప్పెయ్. కొండ చూడాలని నాకెంతుందో దేవుడికి తెలుసు. కానీ అబద్ధం చెప్పి పోగేసిన జనంతో వెళ్ళి ఆ కొండకేసి నేను తలెత్తి చూడలేను.

ఇట్లు,
ఆగ్నెస్

తా.క.: నత్తలు మేం బాతులకి వేస్తాం.

హైదరాబాదు

ఆగ్నెస్ ఆంటీకి,

సిగ్గుతో రాస్తున్నాను. నిజం చెప్పాను. ఆరుగురూ మానేశారు. "తెలుగావిడతో మాట్లాడ్డానికి ఆర్మేనియా దాకా ఎందుకు?" అన్నారు. వచ్చే శుక్రవారంతో నెలాఖరు, టూరు రద్దు చేస్తారు. తప్పు నాది, కొండ పోయింది మీకు. క్షమించండి ఆంటీ.

మీ
హరీష్

తా.క.: మేక చాలా బాగుంది.

ఫరంపేట, యానాం

హరీషూ,

ఇది కొరియర్లో పంపుతున్నాను. ఇది చేరకముందే రద్దు చేశారో, మీ ఆఫీసు మెట్ల మీద మేకతో సహా కూచుంటాను.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడుస్తుంటే మా ఆయన చూశాడు. సంగతంతా చెప్పేశాను. ఆయన వెంటనే ఫోను తీసి ఎదురింటి జోసెఫిన్‌కి చేశాడు. మామూలుగానే స్పీకర్లో పెట్టాడు. వీధంతా విన్నది.

నీకు ఫ్రెంచి దొరసాని కావాలి కదా? మా వీధిలోంచి ఐదుగురిని పంపుతున్నాను. జోసెఫిన్, జాస్మిన్, సీతామహాలక్ష్మి, వీరవేణి, వీరవేణి అత్తగారు. ఆరో మనిషి మా ఆయన. అందరివీ ఫ్రెంచి పాస్‌పోర్టులే, పొద్దున్నే అందరికీ అన్నమే. మా ఆయన రోజూ పంటు మీద అటూ ఇటూ తిరిగి కడుపు గట్టి చేసుకుంటున్నాడు. జిరాక్సులన్నీ ఇందులోనే ఉన్నాయి. వీటికోసం అప్పారావుతో మాట కలపాల్సి వచ్చింది.

ఓడ కట్టినాయన పేరు గ్రంథంలో రాశారు. అన్నాళ్ళూ నీళ్ళ మీద అంతమందికీ వండి పెట్టినావిడ పేరు రాయలేదు. ఆ కొండ ఎదురుగా మఠంలో ఆవిడ పేరు మీద ఒక కొవ్వొత్తి వెలిగించి వస్తాను. నేను వెళ్ళాలనుకున్నది ఆవిడ కోసమే.

మీ ఆంటీ,
ఆగ్నెస్

తా.క.: ఆ ఫ్రెంచి గైడు పిల్లని మాన్పించకు. మాలో ఒక్కరికీ ఫ్రెంచి రాదు. కొండ దగ్గరికి చేరేలోపు ఆ పిల్లకి తెలుగు నేర్పేస్తాం, మా అమ్మ నాకు నేర్పినట్టే.