పందొమ్మిది రోజుల ముందు

షాంటిలీ, అమెరికా,
మంగళవారం ఉదయం

ప్రియమైన ఫెబీకి,

నాన్న ఆశీస్సులు. దేవుని కృపవల్ల అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ, అల్లుడు షాలేం రాజూ, చిన్నారి సాన్వీ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

అమ్మ మోకాలి గురించి అడిగావు. మెట్లు దిగుతోంది. ఎక్కేటప్పుడే నన్ను తిడుతోంది. ఆదివారం చర్చిలో నీ కోసం ప్రార్థన చేయించింది. పాస్టర్‌గారు "ఆస్ట్రేలియా పార్లమెంటుకి మన ఫెబీ" అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను.

మీటింగుల్లో చెప్పడానికి హార్‌గ్రేవ్ చరిత్ర కావాలన్నావు. పాత ఫలితాలన్నీ చూశాను. ఆపిల్ తోటలు కొట్టేసి ఇళ్లు కట్టిన కాలంలో, 1969లో మీ నియోజకవర్గం ఏర్పడింది. మొదటి ఎనిమిది ఎన్నికలూ ఒకే పార్టీవి. అందులో ఆరుసార్లు ఒకే మనిషి. మీ పార్టీ మొదటిసారి గెలిచింది 1987లో, 212 ఓట్లతో. మూడేళ్లకే పోగొట్టుకుంది. తర్వాత హద్దులు మార్చి, రైల్వే లైనుకి ఉత్తరాన ఉన్న పాత ఇళ్లు తీసేసి, దక్షిణాన కొత్త అపార్ట్‌మెంట్లు కలిపారు. కిందటిసారి మీవాళ్లు ఓడింది 1,140 ఓట్ల తేడాతోనే. అక్కడ ఓటెయ్యడం తప్పనిసరి కాబట్టి ఇంట్లో కూర్చునేవాళ్లు తక్కువ. మనసు మార్చాల్సింది వచ్చేవాళ్లదే. ఆ అపార్ట్‌మెంట్లలో నిన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లున్నారు. నువ్వు గెలవగలిగేదానివి.

సాన్వి గీసిన పోస్టరు ఫ్రిజ్ మీద అంటించాం. నీ పక్కన నన్నెందుకు గీశావంటే, "తాతయ్య హెల్ప్ చేశాడు కదా" అందట.

ఇక నీ చివరి ప్రశ్న. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి నామినేషన్ వేయకూడదు గనక, బుధవారం పొద్దున ఆసుపత్రిలో రాజీనామా ఇచ్చేయనా అని మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ మాట మార్చాను.

పార్టీ ఫారం నింపుతూ ఆ రోజు ఫోన్ చేశావు. "నాన్నా, నువ్వు అమెరికా సిటిజన్ అయ్యింది ఎప్పుడు?" అన్నావు. "అమ్మతో పాటే, 2009లో" అన్నాను. అమ్మ ప్రమాణానికి అందరం వెళ్లాం, భోజనాలు పెట్టాం. అదే గుర్తుంది. నా ప్రమాణానికి ఆఫీసు మధ్యలో ఒక్కణ్ణే వెళ్లి వచ్చాను. సొరుగు తీసి చూడకుండా చెప్పాను. రిపోర్టరుగా నలభై ఏళ్లలో పంచాయతీ వార్త కూడా అలా రాయలేదు.

పదకొండు రోజుల కిందట సర్టిఫికెట్ చూశాను. 2007 సెప్టెంబరు 20. నీకు పద్దెనిమిది నిండింది ఆ తర్వాత పందొమ్మిది రోజులకి, అక్టోబరు 9న. పద్దెనిమిది నిండని బిడ్డ గ్రీన్ కార్డుతో తల్లిదండ్రుల దగ్గరే ఉంటే, వాళ్లలో ఒకరు సిటిజన్ అయిన రోజే బిడ్డ కూడా సిటిజన్. దరఖాస్తు కూడా అక్కర్లేదు. ఆస్ట్రేలియా సిటిజన్ అయ్యేదాకా నీ చేతిలో ఇండియా పాస్‌పోర్టే ఉండబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వేరే దేశం పౌరసత్వం ఉన్నవాళ్లు మీ పార్లమెంటుకి నిలబడకూడదు. 2017, 2018లో ఈ చిక్కుతోనే డజను మందికి పైగా సీట్లు పోయాయి. లాయర్ని అడిగాను. వదులుకోవడానికి నెలలు పడుతుందన్నాడు.

మొదటి రోజు నమ్మలేదు. రెండో రోజు లాయర్ దగ్గరికి వెళ్లాను. మిగతా తొమ్మిది రోజులకి నా దగ్గర కారణం లేదు. నువ్వు గెలవడం చూడాలనుకున్నాను. నా సొరుగు ఎవరు తెరుస్తారులే అనుకున్నాను. అక్కడి రిపోర్టరు స్థానంలో ఉంటే నేనే తెరిచేవాణ్ణి.

నిన్న అమ్మకి చెప్పాను. "ఊరందరి తప్పులూ మొదటి పేజీలో వేశారు. మీది మాత్రం సొరుగులోనా?" అంది. మోకాలు పట్టుకుని తనే మెట్లెక్కి, సర్టిఫికెట్ తెచ్చి నా ముందు పెట్టింది.

ఫోన్‌లో నీ గొంతు వింటే చెప్పలేను. అందుకే ఇది రాసి, సర్టిఫికెట్‌తో పాటు ఫొటో తీసి పంపుతున్నాను.

రాజీనామా ఇవ్వకు. గురువారం మధ్యాహ్నం దాకా మీ పార్టీకి ఇంకొకరిని నిలబెట్టే టైముంది. ఈ ఉత్తరం వాళ్లకి చూపించు. నువ్వు ఫారంలో రాసింది నేను చెప్పిన మాటే.

సాన్వికి నువ్వేమీ చెప్పకు. తాతయ్య ఏం హెల్ప్ చేశాడో నేనే చెబుతాను.

ఇట్లు,
నీ నాన్న
రత్నరాజు