మెట్ల కింది గదిలో ముప్పై ఎనిమిది క్యాన్లు

హైదరాబాదు, పాతబస్తీ
తేది: 9-5-2022

విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సైన్సు బ్లాకు మెట్ల కింది గదిలో శానిటైజర్ నిల్వ – 21-4-2022 నాటి అగ్నిప్రమాదం – స్వీపర్ లీలమ్మ పేరు నివేదికలో చేర్చుట – నాకు ఇచ్చిన మెమోకు సంజాయిషీ – గురించి.

కె. డానియేలు అను నేను సైన్సు బ్లాకులో పందొమ్మిదేళ్లుగా అటెండరుగా పనిచేయుచున్నాను. నాపై ఇంతవరకు ఏ ఫిర్యాదూ లేదు. తాళం పగలగొట్టి సర్కారు సరుకును అనుమతి లేకుండా తరలించినందుకు నాపై చర్య ఎందుకు తీసుకోకూడదో పది రోజులలో తెలుపవలెనని మెమో వచ్చినది. రేపటికి గడువు తీరును. కావున మొదటి నుంచి మనవి చేసుకొనుచున్నాను.

1. నిరుడు తరగతులు తిరిగి తెరిచే ముందు అరవై క్యాన్ల శానిటైజర్ వచ్చినది. క్యానుకు ఐదు లీటర్లు. ప్రతి క్యానుకు నంబరు వేసి మెట్ల కింది గదిలో పెట్టించినారు. ఆ గది ఖాళీ గది కాదు. ఐదుగురు ఆడ స్వీపర్లు చీర మార్చుకొనుటకు, అన్నం డబ్బాలు పెట్టుకొనుటకు అదొక్కటే చోటు. బ్లాకు మొత్తానికి కరెంటు బోర్డు కూడా అందులోనే ఉన్నది. కిటికీ లేదు.

2. గది తాళంచెవి స్టోర్సు చూసే అసిస్టెంటు రిజిస్ట్రార్ శ్రీపాద గారి దగ్గర ఉండేది; పొద్దున స్వీపర్ల కోసం తెరిపించి సాయంత్రం మూయించేవారు. శానిటైజర్ కావలసిన శాఖ మూడు కాగితాల మీద మూడు సంతకాలు తేవలెను. అందువల్ల ఎనిమిది నెలలలో ఇరవై రెండు క్యాన్లు మాత్రమే బయటకు వచ్చినవి. గేటు దగ్గరి శానిటైజర్ స్టాండును కాలితో తొక్కితే గాలి వచ్చేది. తనిఖీ కమిటీ వచ్చిన రోజు అందులో నీళ్లు పోయడమైనది. కమిటీ వారు చేతులు రుద్దుకొని సంతృప్తి వ్యక్తపరిచినారు. ఆ నీళ్లు పోసింది నేనే. తప్పు ఒప్పుకొనుచున్నాను.

3. ఎండలు ముదిరిన తర్వాత క్యాన్లు ఉబ్బసాగినవి. గదిలో వాసనకు కళ్లు మండేవి. బోర్డులో నిప్పురవ్వలు వస్తున్నాయని ఎలక్ట్రీషియన్ నగేష్ రాసిచ్చినాడు. క్యాన్లను అక్కడి నుంచి తీయించమని నేను మూడు అర్జీలు పెట్టుకున్నాను. మూడోది ఇచ్చిన రోజు శ్రీపాద గారు నన్ను కూర్చోబెట్టి చెప్పినారు:

“డానియేలూ, శానిటైజర్ అంటే ఇప్పుడు బంగారం. బయట పెడ్తే ఎత్తుకపోతరు. రేపు జవాబు చెప్పేది నేను.”

“బంగారం అంటుకోదు సార్,” అన్నాను.

ఆయన నవ్వినారు. అర్జీ మీద ‘చూడబడినది’ అని రాసినారు.

4. ఏప్రిల్ 21న మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒక క్యాను మూత పగిలి నేల తడిసినట్లు గమనించబడినది. తుడువవలసినదిగా స్వీపర్ లీలమ్మకు చెప్పబడినది. లీలమ్మ చాంద్రాయణగుట్ట నుంచి రోజూ బస్సులో వస్తుంది. పదకొండేళ్లుగా ఇక్కడ ఊడుస్తున్నది. గుడ్డతో తుడుస్తూ ఊపిరి ఆడక ఫ్యాను స్విచ్ వేసినది. బోర్డులో చిటుక్కుమన్నది.

నేను వరండాలో ఉన్నాను. ఆమె చెయ్యి విదిలించుకుంటూ బయటకు ఉరికి వచ్చింది. ఏదో పురుగు కుట్టిందనుకున్నాను.

“ఏమైందమ్మా?”

“కాలుతుందన్నా! కాలుతుంది!”

“ఏడ?”

“ఏమో, కనవడ్తలేదు!”

నిజంగానే కనబడలేదు సార్. ఆ ద్రవం మంట పట్టపగలు వెలుతురులో కంటికి ఆనదని తర్వాత కెమిస్ట్రీ సార్లు చెప్పినారు. నేను చూసింది ఆమె గాజులు ఒక్కొక్కటే చిట్లిపోవడం, చీర కొంగు దానంతట అదే నల్లబడటం. గుమ్మంలో కాళ్లు తుడుచుకునే గోనెపట్టా తడిగా ఉంటే దాన్ని ఆమెకు చుట్టి కింద కూర్చోబెట్టాను. చెయ్యిని నల్లా కింద పట్టాను. నగేష్ పరుగెత్తుకొచ్చి వరండా చివర ఉన్న మెయిన్ ఆపినాడు. లోపల నేల మీద మంట మీదికి ఇసుక బకెట్టు బోర్లించినాడు. బకెట్టులో ఇసుక కన్న పాన్ ఉమ్ములే ఎక్కువ ఉన్నవి. అయినా ఆరింది. మిగతా క్యాన్లకు మూరెడు దూరంలో ఆరింది.

5. అంబులెన్సు వచ్చేదాకా ఆగలేక ఆమెను శ్రీపాద గారి సొంత కారులో పెద్దాసుపత్రికి తీసుకుపోయినాము. కారు ఆయనే నడిపినారు. దారిలో రెండు సిగ్నళ్లు ఆగకుండా దాటించినారు. ఆసుపత్రి వరండాలో ఆయన కళ్లద్దాలు తీసి ముఖం తుడుచుకోవడం నేను చూశాను. నాకు వచ్చిన మెమో మీద సంతకం కూడా ఆయనదే. రెండూ నిజమే కనుక రెండూ రాస్తున్నాను.

కట్టు కట్టేటప్పుడు లీలమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. “అన్నా, సగమే తుడిచిన. ఎవలన్న జారి పడ్తరు, జర చూడుండ్రి,” అన్నది.

6. ఆ సాయంత్రమే విచారణ పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టరాదని అదే గదికి కొత్త తాళం వేసినారు. లోపల మూత పగిలినదానితో కలిపి ముప్పై ఎనిమిది క్యాన్లు అట్లనే ఉన్నవి. మరునాడు పైఅంతస్తులో పరీక్ష. రెండు వందల మంది పిల్లలు. పరీక్షకు ఫ్యాన్లు తిరగాలని తెల్లవారగానే మెయిన్ మళ్లీ వేయించినారు. ఎనిమిది గంటలకు తలుపు సందులోంచి వాసన వస్తున్నది. శ్రీపాద గారి ఫోను ఎత్తలేదు. ఆయన తల్లి కోమలవల్లి గారికి ఆ పొద్దున డయాలసిస్ ఉండెనని తర్వాత తెలిసింది. తమ కార్యాలయం పదింటికి తెరుస్తారు. పరీక్ష తొమ్మిదింటికి.

“అన్నా, తాళం మీద సీలుంది. నౌకరీ పోతది,” అన్నాడు నగేష్.

“నువ్వు అటు తిరిగి నిలబడు,” అన్నాను.

అతను తిరగలేదు. సుత్తి తెచ్చి ఇచ్చినాడు. ఇద్దరం ముప్పై ఎనిమిది క్యాన్లనూ మోసి, ప్రహరీ పక్కన జాలి గోడల పాత సైకిల్ షెడ్డులో నీడకు పెట్టినాము. అక్కడ గాలి ఆడుతుంది, కరెంటు లేదు. నంబర్లు సరిచూసి రాసుకున్నాను. ఒక్కటీ తగ్గలేదు. తొమ్మిదింటికి గంట కొట్టింది కూడా నేనే.

7. విచారణ నివేదికలో పగిలిన క్యాను నంబరు ఉన్నది. తాళం కంపెనీ పేరు ఉన్నది. లీలమ్మ గురించి ‘ఒక మహిళా స్వీపరుకు స్వల్ప గాయము’ అని ఉన్నది. ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా కాలినది. రెండు వేళ్లు మడతపడటం లేదు. స్వీపర్లను పంపే ఏజెన్సీ వారు ఆమె చెప్పకుండా మానేసినట్లు రాసుకొని ఆమె స్థానంలో వేరే ఆమెను పెట్టినారు. నేను వెళ్లి సూపర్‌వైజర్ రామలింగాన్ని అడిగాను.

“రిపోర్టుల పేరుందా భాయ్? లేదు. డ్యూటీల కాలిందని మీ యూనివర్సిటీ రాసియ్యాలె. రాసిస్తే రేపే తీసుకుంటం,” అన్నాడు. కోపంగా అనలేదు. చాయ్ కూడా తాగించినాడు.

లీలమ్మ కూతురు బేబీ ఇంటరు చదువుతున్నది. తల్లికి అన్నం తినిపించి, జడ వేసి, కాలేజీకి ఆలస్యంగా పోతున్నది.

కావున తమరిని వేడుకొనునది:

(అ) నివేదికలో లీలమ్మ పేరు, డ్యూటీలో కాలినట్లు స్పష్టంగా రాయించి, చెయ్యి నయమయ్యేదాకా సెలవిచ్చి ఆమె పని ఆమెకు నిలుపగలరు.

(ఆ) శానిటైజర్‌ను మనుషులు మసలే గదులలో, కరెంటు దగ్గర పెట్టవద్దని, గాలి ఆడే చోట ఉంచి శాఖలకు కొద్దికొద్దిగా ఇవ్వమని ఉత్తర్వు చేయగలరు. చెవి ఒకటి బ్లాకులోనే ఉండాలి.

(ఇ) స్వీపర్ల గది స్వీపర్లకు ఇప్పించగలరు. ఇప్పుడు వారు చీరలు లెట్రిన్లలో మార్చుకుంటున్నారు.

(ఈ) నగేష్‌పై చర్య వద్దు. సుత్తి అతను తెచ్చినా తాళం పగలగొట్టింది నేనే. నా విషయంలో తమ చిత్తం.

సైకిల్ షెడ్డు తమ కార్యాలయానికి నూరు అడుగుల దూరం. ఒకసారి నడిచి వచ్చి, కళ్లతో చూసి, ఆ పిదప చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. డానియేలు,
అటెండరు, సైన్సు బ్లాకు.

తా.క.: సార్, నిన్న శ్రీపాద సారు నన్ను పక్కకు పిలిచి, “చింతిస్తున్నానని ఒక్క ముక్క రాయి, ఫైలు మూసేస్త,” అన్నారు. మంచికే చెప్పారు. రాద్దామని ఇంట్లో కూర్చున్నాను. తాళం గురించి నాకు చింత లేదు సార్, రాయబుద్ధి కాలేదు. నాలుగో అంశంలో ‘తుడువవలసినదిగా చెప్పబడినది’ అని రాశాను. చెప్పింది నేను. వాసనకు తల తిరుగుతుందన్నా అని ఆమె అంటే, రెండు నిమిషాల పనే కదమ్మా అని లోపలికి పంపింది నేను. మూడు అర్జీలు రాసినవాణ్ణి, ఆ గదిలో ఏముందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? విచారణలో ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. లీలమ్మను అడిగారట. ఎవరు చెప్పారో యాదికి లేదన్నదట.

ఆమెకు బాగా యాదికి ఉంది సార్.