బావ తెచ్చిన రాయి

2013, ఆదివారం

ఆమదాలవలస నుంచి చెల్లెలూ బావా వచ్చారు. బావ రుమాలులో చుట్టి తెచ్చిన రాయిని నా పనిబల్ల మీద పెట్టాడు. కొత్తగా తవ్వబోయే బంగారు గనిదట. ఇప్పుడు డబ్బు పెడితే, తీసిన బంగారంలో ఏటేటా వాటా వస్తుందట.

గోటితో గీకితే మెరుపు పొరలుగా ఊడింది.

"ఇది కాకిబంగారం బావా. కంసాలిని, నాకు తెలీదేటి?"

"అసలుది లోతున ఉన్నాది. కంపెనీవోళ్లు సెప్పినారు."

"గని నువ్వు సూసినావా?"

"ఫొటోలు సూసినాను," అన్నాడు.

నన్ను ముంచడానికే వచ్చాడనుకున్నాను. అంతలో చెల్లెలు కాఫీ ఇస్తూ వంగింది. పెళ్లికి నేను చేసిచ్చిన గొలుసు మెడలో లేదు, పసుపుతాడే ఉంది. నేను చూడటం గమనించి పైట సర్దుకుంది.

అయితే బావ మోసపోయాడా? లేక పోయింది రాబట్టుకోవడానికి నన్ను దించుతున్నాడా? రేపు చెల్లెలికి ఫోన్ చేసి అడగాలి. బావ పక్కనుంటే నిజం చెబుతుందో లేదో...